కథకు అధికారి ఎవరు?

సత్యమును బోధింపవలసిన గురువు ఎన్నడును జరుగని సంగతిని జరిగినట్లు చెప్పి, నోరులేని మృగములచేత నీతులు పలికించి, లేని రాజునకు లేని రాజ్యమును కట్టబెట్టి, ఆ కల్పన ద్వారమున శిష్యుని బుద్ధిని మేల్కొలుప యత్నించుట ధర్మమగునా యను ప్రశ్న అతి ప్రాచీనమైనది. ఆ శిష్యుడు అందరివంటివాడు కాక, అక్షరము కంటికి కుదురుగ నిలువనివాడో, విన్నది మనసున పట్టువడనివాడో, బడియందు వెనుకబల్లమీద కూర్చుండి మొద్దను పేరు మోయుచున్నవాడో అయినపుడు ఆ ప్రశ్న మరింత తీక్ష్ణమగుచున్నది. అట్టి బిడ్డకు కథ చెప్పు విషయమున లోకమునందు రెండు తలంపులు వాడుకలో నున్నవి. వానికి నాలుగక్షరములు వచ్చుటయే గగనమగుచుండగా కథలతో కాలక్షేపమేల యని కొందరు తల్లిదండ్రులు విసుగుకొందురు. పాపము, చదువు ఎట్లును అబ్బదు, కథయైనను విని సంతోషింపనిండని మరికొందరు జాలిపడుదురు. మొదటివారి దృష్టిలో కథ వ్యర్థము. రెండవవారి దృష్టిలో కథ భిక్ష. ఈ రెండు తలంపులును సరియైనవి కావని నా దృఢవిశ్వాసము. మానవమనస్సు దేనినైనను తనదిగ చేసికొను మార్గములలో కథయే మిక్కిలి పురాతనమైనదియు, మిక్కిలి విశాలమైనదియునై యున్నది. ఆ మార్గమున నడచుటకు ఏ బిడ్డకైనను సంపూర్ణాధికారము కలదు. ఈ మాటను ఊరక భావావేశముతో ననుట చాలదు. దానికి వచ్చు ఆక్షేపణలను విని, మన దర్శనములు చూపిన వెలుగులో పరిశీలించి నిలుపవలసి యున్నది.

అభ్యసన వైకల్యమనగా నేమో మొదట స్పష్టపరచుకొందము. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు పదునాలుగేండ్ల బాలు నొకని గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో వ్రాసెను. ఆ బాలుడు చురుకైనవాడు. ఆటలలో తోడివారికి తీసిపోనివాడు. లెక్కలయం దిష్టము గలవాడు. అయినను ఏండ్ల తరబడి చెప్పించినను చదువలేకపోయెను, తన పేరులోని అక్షరములనే తారుమారుగ వ్రాసికొనెను. పాఠములన్నియు నోటిమాటగనే సాగినచో వీడే బడియందెల్ల మేటి యగునని వాని ఉపాధ్యాయుడు చెప్పినట్లు మోర్గన్ ఆ వ్యాసమున పేర్కొనినాడు. చదువుట యనునది బుద్ధి ప్రవేశించు ద్వారములలో నొకటి మాత్రమేయనియు, ఒక ద్వారము బిగిసినంత మాత్రమున లోపలి గృహము శూన్యము కాదనియు ఆ ఉపాధ్యాయుడు గుర్తించెను. మన దేశమున ఈ గుర్తింపు చట్టరూపము దాల్చుటకు చాల కాలము పట్టినది. బుద్ధిమాంద్యము గలవారి సేవకై సికింద్రాబాదు మనోవికాసనగరమున జాతీయసంస్థ 1984లోనే వెలసినను, 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను మాత్రమే పేర్కొనెను. బుద్ధి చక్కగ నుండియు చదువుట, వ్రాయుట, లెక్కించుటలలో ఒకదానియందు చిక్కువడు బిడ్డల స్థితి, 2016 నాటి చట్టమునందలి 21 వైకల్యముల పట్టికలోనే ప్రత్యేక అభ్యసన వైకల్యమను పేరుతో చోటు సంపాదించుకొన్నది.

తెలుగుబిడ్డకు ఈ చిక్కు తెలుగు లిపియందే ఎదురగును. 'ప' పైన తలకట్టు విడివడి యుండును, 'వ' పైన కలిసిపోవును. 'ప'లో ఒక చిన్న గీత చేరగనే 'ష' యగును, క్రింద చేరినచో 'ఫ' యగును. 'వు' అను గుణింతమునకును 'మ' అను అక్షరమునకును కొమ్ము తిరుగు తావునందే భేదము. 'పుష్పము' అను నొక్క మాటను చదువుటకు బిడ్డ కన్ను ఈ పోలికలన్నిటిని విడదీసికొని, ఒత్తు కొరకు క్రిందికి దిగి, మరల వరుసలోనికి వచ్చి, ఇంతలో మొదటి ధ్వని మరువక నిలుపుకొనవలెను. మనము అరక్షణమున దాటిపోవు ఈ మలుపులలో ప్రతిదానివద్దను ఆ బిడ్డ ఆగి, తడుముకొని, తప్పి, తిట్లు తినుచున్నాడు. పువ్వనగా నేమో వానికి తెలియును. ఏ చెట్టున ఏ ఋతువున పూయునో తెలియును. ఇంట పూజకు కోసి తెచ్చువాడును వాడే. తెలిసినదానికిని పలుకవలసినదానికిని నడుమ వాని కొక అగాధ మేర్పడినది. ఆ అగాధమును వాడు త్రవ్వలేదు.

ఇక కల్పనను నిరసించినవారి మాట విందము. వారు సామాన్యులు కారు. ప్లేటో తన రిపబ్లిక్ గ్రంథమున, దాదులును తల్లులును పసివారికి చెప్పు కథలు స్థూలముగ అసత్యములే యనియు, లేతమనసుపై పడిన ముద్ర చెరుగదు గనుక వానిని పాలకులు పరిశీలించి యేరవలెననియు శాసించెను. రూసో 1762లో ప్రకటించిన ఎమీల్ గ్రంథమున, లా ఫాంటేన్ వ్రాసిన కాకి–నక్క కథను పాదము పాదముగ విడదీసి, ఈ కథ విన్న బాలుడు మోసపోయిన కాకిని చూచి నవ్వి, మోసగించిన నక్కకే తోడగునని హెచ్చరించెను. మరియా మాంటిస్సోరి సంగతి మన కింకను ముఖ్యమైనది. ఏలన, ఆమె విద్యాసాధన ఆరంభమైనది రోమునగరమున బుద్ధిమాంద్యము గల బిడ్డల నడుమనే. 1907లో బాలగృహమును స్థాపించుటకు ముందే ఆమె, ఇక పనికిరారని విడిచిన బిడ్డలకు వ్రాయుటయు చదువుటయు నేర్పి, మామూలు పిల్లల పరీక్షలలో నిలిపినది. అట్టి కరుణామయి చిన్నబిడ్డలకు అద్భుతకథలు తగవన్నది. పెద్దలు చెప్పిన వింతలను బిడ్డ నమ్ముట వాని ఊహాశక్తి కాదు, వాని నిస్సహాయత మాత్రమే యన్నది ఆమె అభిప్రాయము. ఈ మువ్వురి మాటలలోను పసివానిపట్ల గౌరవము నిండియున్నది. వాని నమ్మకముతో ఆటలాడరాదను దీక్ష యున్నది. దానిని మనము తలదాల్చవలసినదే.

అయినను వీరి ఆచరణను తుదివరకు పరికించినచో ఒక విశేషము కనబడును. రిపబ్లిక్ గ్రంథమును ప్లేటో ముగించినది తర్కముతో కాదు. మరణించి, పరలోకమును చూచి, తిరిగి లేచిన ఎర్ అను యోధుని కథతో ముగించెను. పుస్తకములన్నిటిని దూరముగ నుంచిన రూసో తన కల్పితశిష్యుడగు ఎమీల్ చేతికి మొట్టమొదట నిచ్చిన పుస్తకము రాబిన్సన్ క్రూసో, అదియు కల్పితగాథయే. మాంటిస్సోరి 1939లో మదరాసునకు వచ్చి, యుద్ధకాలమున కొడైకెనాలులో నున్న దినములలో, ఆరేండ్లు దాటిన బిడ్డలకై రూపొందించిన విశ్వవిద్యయందు సృష్టిక్రమము, జీవోత్పత్తి, మానవాగమనము మొదలైన మహాపాఠములు కథలుగనే చెప్పబడినవి. కథను ముందువాకిట నిలిపివేసిన ముగ్గురును దానిని వెనుకవాకిట సగౌరవముగ ఆహ్వానించిరి. దీనిని వారి తడబాటుగ నేను తలంపను. సత్యమును మనస్సునకు చేర్పవలసిన ఘట్టము వచ్చినపుడు ఏ మహాబోధకుడైనను కథను విడిచి పోజాలడనుటకు ఇది ప్రమాణము.

మన దర్శనకారు లీ సమస్యను మరియొక వైపునుండి ఎదుర్కొనిరి. వేదము విధిని బోధించుటచేతనే ప్రమాణమైనచో, ప్రజాపతి తన శరీరమునందలి వప యను క్రొవ్వుపొరను తానే పెకలించి హోమము చేసెనను వాక్యముల గతి యేమని మీమాంసకులు ప్రశ్నించుకొనిరి. అట్లు జరిగెనా లేదా యను విచారమును వారు ప్రధానముగ నెంచలేదు. ఆ వాక్యము సమీపమున నున్న విధితో ఏకవాక్యమై, చేయవలసిన కర్మయందు శ్రోత మనస్సును ప్రవర్తింపజేయును గనుక అది సార్థకమని నిర్ణయించి, దానికి అర్థవాదమని పేరిడిరి. గౌడపాదాచార్యులు మాండూక్యకారికలలో ఇంకను ముందునకు సాగిరి. మన్ను, లోహము, అగ్నికణములు మొదలైన దృష్టాంతములతో ఉపనిషత్తులు వర్ణించిన సృష్టియంతయు, జీవబ్రహ్మైక్యమునందు బుద్ధిని అవతరింపజేయుట కొక ఉపాయమే తప్ప, ఆ సృష్టిని సత్యమని స్థాపించుటకు కాదని ఆయన నిష్కర్షగ తెలిపిరి. శ్రుతిమాతయే తన బిడ్డలను సత్యమునొద్దకు నడిపించుటకు సృష్టికథను చెప్పియుండగా, బడిపంతులు కోతి–మొసలి కథను చెప్పుటలో అపరాధమేమి?

అయితే అనృతమునకును కల్పనకును గల సరిహద్దును గురువు ఎన్నడును మరువరాదు. అనృతము వినువానిని చీకటిలో నుంచి చెప్పువానికి లాభము చేకూర్చును. కల్పన చెప్పువానిని వినువానిని ఒకే పందిరిక్రింద కూర్చుండబెట్టును. అనగనగా ఒక రాజు అని అవ్వ మొదలిడగనే, ఇది నిన్నటి సంతలో జరిగిన సంగతి కాదని మూడేండ్ల మనుమరాలికిని తెలియును; తెలిసియు ఆమె ఆ రాజు కష్టమునకు కన్నీరు పెట్టును. ఈ రెంటిని ఏకకాలమున మోయుటయే ఊహాశక్తి. కాని సరిహద్దును కానలేని శ్రోతయు నుండవచ్చును. యోగవాసిష్ఠమునందలి ఉత్పత్తిప్రకరణమున ఒక దాది బాలునకు చెప్పిన కథ కలదు. శూన్యనగరమున ముగ్గురు రాజకుమారులట. వారిలో ఇద్దరు పుట్టనే లేదట, మూడవవాడు గర్భముననైనను పడలేదట. వారు లేని చెట్లనీడల విశ్రమించి, నీరులేని నదులలో స్నానమాడిరట. బాలుడది యంతయు నిజమని నమ్మెను. విచారణలేని మనస్సునకు ఈ జగత్తును అట్టిదే యని వసిష్ఠుడు శ్రీరామునకు బోధించెను. కల్పనవలన కలుగు అపాయమును చూపుటకై ఆయన మరల కల్పననే ఆశ్రయించుట గమనింపదగినది. మొదట ఆరోపించి, పిదప ఆ ఆరోపమును తొలగించు వేదాంతప్రక్రియయే బాలబోధకునకును శరణ్యము. కథలోనికి బిడ్డను చేయిపట్టి తీసికొనిపోవుట సగము పని. కోతులు నిజముగ మాటలాడునా, గుండెను చెట్టుమీద దాచుట సాధ్యమా, మరి ఆ కోతి ఎందుకట్లు చెప్పెను అని యడుగుచు, చేయి విడువక వెలుపలికి తీసికొనివచ్చుట తక్కిన సగము. కొందరు బిడ్డలు, ముఖ్యముగ ఆటిజము గలవారు, వ్యంగ్యమును రూపకమును ఉన్నదున్నట్లుగ గ్రహింతురు. వారికడ ఈ రెండవ సగము ఎంతో ఓరిమితో, ఒక్కొక్కసారి బొమ్మలతో, నిత్యజీవితమునందలి సాదా సంఘటనలతో సాగవలెను. వారికి కథ వలదనుట సరికాదు. వారి అడుగునకు తగిన మెట్లు కట్టవలెను.

ఇపుడు అసలైన ముడి విప్పవలసి యున్నది. శాస్త్రములు శిష్యులను ఉత్తమ, మధ్యమ, మందాధికారులని విభజించినవి. దృష్టాంతములును ఆఖ్యాయికలును మందాధికారుల కొరకే యను భావ మొకటి పండితులలో పాతుకొనినది. పంచతంత్రపు కథాముఖము మొదటిచూపునకు దీనికి సాక్ష్యమువలె దోచును. దక్షిణాపథమున మహిలారోప్యమను నగరమున అమరశక్తి యను రాజునకు బహుశక్తి, ఉగ్రశక్తి, అనంతశక్తి యను ముగ్గురు కుమారులు, శాస్త్రవిముఖులు, పరమదుర్మేధస్సులు. వ్యాకరణమే పండ్రెండేండ్లు పట్టునని తక్కినవారు లెక్కలు చెప్పుచుండగా, ఎనుబదేండ్ల విష్ణుశర్మ లేచి, ఆరు మాసములలో వీరిని నీతిశాస్త్రజ్ఞులను చేయనిచో నా పేరే విడిచెదనని ప్రతిజ్ఞ చేసెను. ఈ ప్రతిజ్ఞను మనము సరిగ వినలేదని నా కనిపించును. శిష్యులు నేర్వకున్నచో శిష్యుల పేరు చెడుననలేదు. తన పేరు పోవుననెను. నేర్పలేకపోవుట బోధకుని ఓటమి యని అంగీకరించిన తరువాతనే ఆయన కథలు చెప్ప నారంభించెను. మన బడులలో దుర్మేధస్సను మాటను మాత్రము గ్రహించి, ఈ ప్రతిజ్ఞను విడిచిపెట్టినాము.

కథ మందునికే యనుట నిజమైనచో వసిష్ఠుడు శ్రీరామునకు కథలేల చెప్పెను? రామునికంటె ఉత్తమాధికారి ఎవరు? నచికేతుని వంటి శ్రోతకు ఉపదేశింపబడిన ఆత్మవిద్య, కోపించిన తండ్రి, మృత్యుగృహద్వారమున మూడు రాత్రుల నిరీక్షణము, మూడు వరములు అను కథయందేల పొదుగబడెను? మన కాలమునకు వచ్చి చూచినను, భావనగరమున బాలమందిరమును నడపిన గిజుభాయి బధేకా మాంటిస్సోరి పద్ధతిని ఆదరించియు కథను విడువలేదు. కథలతో బడి ప్రారంభించి పిల్లల మనసు గెలిచిన లక్ష్మీరామ్ అను ఉపాధ్యాయుని సృష్టించి దివాస్వప్న మను గ్రంథము వ్రాసెను. అది ఉపాధ్యాయులకు బోధనాశాస్త్రమును నేర్పుటకు వ్రాసిన గ్రంథము. రూపముచేత అదియు కల్పితగాథయే. పట్టము పుచ్చుకొన్న పెద్దలు కథవలన నేర్చుకొనుట గౌరవమై, అక్షరము కుదురని బిడ్డ కథవలన నేర్చుకొనుట లోపమగుట ఏ న్యాయము? కాబట్టి అధికారిభేదమును మనము మరియొక రీతిగ అన్వయించుకొనవలెను. శ్రోతలలో హెచ్చుతగ్గులున్నవని దాని తాత్పర్యము కాదు. ఎవరికి ఏ మెట్టు తగునో ఎరుగవలసిన బాధ్యత గురువుమీద నున్నదని దాని తాత్పర్యము. గౌడపాదులు సైతము ఆ భేదమును చెప్పిన తావున, ఉపాసన అనుకంపచేత ఉపదేశింపబడెననిరే కాని తక్కువవారిని త్రోసివేయుటకు కాదు.

కథ మార్గమైనట్లే గోడయు కాగలదని మన సాహిత్యచరిత్రయే చెప్పుచున్నది. 1853లో పరవస్తు చిన్నయసూరి పంచతంత్రకథలతో కూర్చిన నీతిచంద్రికను ప్రకటించెను. అది తెలుగువచనమునకు అలంకారమైన గ్రంథము. దాని సౌష్ఠవమునకు చేతులు మోడ్చనివా డుండడు. కాని తరతరములుగ బడిపిల్లలు దానిని ప్రతిపదార్థములుగ, సంధిసూత్రములుగ వల్లెవేసిరి. పావురములు వలతో నెగిరిపోవు అద్భుతము పరీక్షాపత్రముక్రింద నలిగిపోయెను. అజ్ఞానులగు రాజపుత్రుల కొరకు పుట్టినదను కథయే, భాష పట్టుపడని బిడ్డలకు దుర్గమమైన కోట యయ్యెను. దోషము గ్రంథకర్తది కాదు. కథను అనుభవింపక మునుపే పరీక్షించు మన అలవాటుది.

అనుభవమునకు తెచ్చు కథ ఎట్లుండునో తెలిసికొనుటకు మన యింటి ఏడుచేపల కథ చాలును. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకుపోయి ఏడు చేపలు తెచ్చిరి, అందొకటి ఎండలేదు. ఎందుకనగా గడ్డిమేటు అడ్డము. గడ్డిమేటు అడ్డేలనగా ఆవు మేయలేదు. ఆవును గొల్లవాడు మేపలేదు. వాడేల మేపలేదనగా అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వను ఆపినది ఏడ్చు పసిబిడ్డ. బిడ్డను కుట్టినది చీమ. జ్ఞాపకశక్తి నిలువని బిడ్డకు ఈ కథ ఎట్లు నిలుచును? ప్రతి సమాధానమునందే తరువాతి ప్రశ్న పుట్టుచున్నది గనుక. ఒక మాట చేతికందినచో తక్కినవి గొలుసువలె వెంట వచ్చును గనుక. బుద్ధివికాసము తక్కువైన బిడ్డయు నాలుగవసారి వినునప్పటికి చీమ పేరు తానే ముందుగ చెప్పి, గెలుపును ఎరుగును. నేర్పరియైన ఉపాధ్యాయురాలు ఏడు బొమ్మలు గీసి, వరుస తప్పించి బిడ్డ ముందుంచి, మరల పేర్చుమనును. పేర్చుచు వాడు చెప్పిన మాటలనే కాగితపు ముక్కలపై వ్రాసి, నీ మాట నీవే చదువుమనును. అప్పుడు కన్నులముందు నిలుచు మాటలేవి? చేప, చీమ, ఆవు, అవ్వ. బిడ్డను ఏడాది పొడుగున ఏడిపించిన 'ప', 'మ', 'వు', 'వ్వ' లన్నియు అందున్నవి. కాని యిపుడవి అర్థములేని గీతలు కావు, తనకు పరిచయమైన ప్రాణుల ముఖములు. ఇసుకపళ్లెములో వ్రేలితో 'ప' దిద్దునపుడు అది చేపలోని 'ప' యని వాని కెరుకయగును. కథ ఒక్కటియే అక్షరజ్ఞానము నిచ్చునని నేను చెప్పను. ధ్వనిని విడదీసి వినిపించుట, లిపిని క్రమముగ, దినదినమును, ఓపికగ అభ్యసింపజేయుట తప్పనిసరి. ఆ శ్రమను తప్పించు మంత్రము లేదు. అయితే ఆ శ్రమ దేని కొరకో బిడ్డకు తెలియజేయునది కథ. ప్రయోజన మెరుగక మందుడైనను ప్రవర్తింపడని పెద్దలే చెప్పిరి గదా.

ఆ చిన్నకథయందు ధర్మసూక్ష్మ మొకటి కూడ కలదు. ఎండని చేపను ఎవరును కొట్టలేదు. ఎందుకెండలేదని అడిగిరి, అడుగుచు అడుగుచు చీమదాక పోయిరి. మన బడులలో చదువని బిడ్డయొద్దనే విచారణ ఆగిపోవుచున్నది. వాడు సోమరి, వాడు మొండి, వాని కర్మ మని తీర్పు చెప్పబడుచున్నది. ఈ కర్మ యను మాట మతవిశ్వాసమున పాతుకొన్నది గనుక దానిని విశేషించి విచారింపవలెను. బౌద్ధగాథలలో చూళపంథకుడను భిక్షువు కలడు. నాలుగు నెలలు శ్రమించియు ఒక్క గాథను కంఠస్థము చేయలేకపోయెను. విద్వాంసుడగు అన్నయే వానిని విహారమునుండి పొమ్మనెను. కన్నీటితో వెడలుచున్న వానిని బుద్ధభగవానుడు ఆపి, తెల్లని వస్త్రఖండము నొకదానిని చేతికిచ్చి, ధూళిని తొలగించుట యను భావము గల ఒక్క మాటను జపించుచు దానిని నిమురుమనెను. నిమురగ నిమురగ తెల్లనిది మాసెను. ఆ మాసిన గుడ్డలో వాడు అనిత్యతను కన్నులార చూచి అర్హతు డయ్యెను. సత్యము మారలేదు. చేర్చిన త్రోవ మారినది. బోధనాచరిత్రయం దింతకు మించిన ఘట్టము నే నెరుగను.

కాని ఆ గాథయే, వాని మాంద్యమునకు కారణముగ, పూర్వజన్మమున ప్రాజ్ఞుడై యుండి మరియొక మందుని పరిహసించిన పాపమును పేర్కొనును. పరిహాసము పాపమను నీతిని నేను శిరసా వహింతును. బిడ్డ వైకల్యము పాపఫలమను అర్థమును మాత్రము తల్లి చెవిని వేయుటకు అంగీకరింపను. దీనికి ఉపనిషత్తే నాకు తోడు. ఛాందోగ్యమున శ్వేతకేతువు పండ్రెండేండ్లు వేదములన్నియు చదివివచ్చినవాడు. తండ్రి యాజ్ఞచేత పదునైదు దినము లుపవసించినంతనే ఒక్క ఋక్కును జ్ఞప్తికి రాలేదు. భుజించిన పిదప అన్నియు మరల తోచినవి. మనస్సు అన్నమయమని ఆ తండ్రి ఉద్దాలకుడు బోధించెను. స్మృతి కలుగుటయు తొలగుటయు శరీరధర్మము ననుసరించినవని, పాపపుణ్యముల ప్రసక్తి లేకయే, ఋషి స్పష్టముగ చూపినాడు. మెదడు అక్షరమును పట్టుకొను తీరులోని భేదమును మనమును అట్లే చూడవలెను.

ఈ కాలపు కల్పన మరియొక కొసకు పోయినది. అమెరికా రచయిత రిక్ రియోర్డన్, చదువుటయందును ఏకాగ్రతయందును చిక్కువడిన తన కుమారునకు రాత్రివేళ చెప్పిన కథను పెంచి, 2005లో పెర్సీ జాక్సన్ నవలగ ప్రకటించెను. అందలి బాలుడు సముద్రదేవత కుమారుడు. ఆంగ్లాక్షరములు వాని కంటికి చెదరుటకు కారణము, వాని మనస్సు ప్రాచీన గ్రీకుభాషకై తీర్చబడి యుండుటయట. తండ్రి ప్రేమ సృజించిన ఈ కల్పన అసంఖ్యాకులగు బిడ్డలకు తలయెత్తుకొను ధైర్యమిచ్చినది, దానికి నమస్కారము. అయినను, దేవపుత్రుడు కాని సామాన్యపు బిడ్డ సంగతి యేమి? ఏ గుప్తప్రతిభయు లేక, నెమ్మదిగ నేర్చి, నెమ్మదిగ జీవింపనున్న బిడ్డకు గౌరవము దక్కుటకు ఏ దేవతయు తండ్రి కానక్కరలేదు. పాపియనుటయు దేవాంశసంభూతుడనుటయు వైకల్యమునకు వెల కట్టుటయే. ఉత్తమమైన కథ బిడ్డకు వెల కట్టదు. వానికి నిలుచుటకు చోటిచ్చును.

కావున కథ నేర్పరచుకొనువారు దయతో ఆలోచింపవలసిన సంగతు లున్నవి. పరమానందయ్య శిష్యుల కథలు మనకెల్లరకును ప్రియమైనవే. కాని చదువు రాని బిడ్డ యొకడున్న తరగతిలో వానిని చెప్పునపుడు, నవ్వు మొదలైన క్షణమున నలువది తలలు ఎవనివైపు తిరుగునో ఉపాధ్యాయుడు చూడవలెను. నక్క గెలిచిన కథ చెప్పి, ఇందువలన తెలిసికొనదగిన నీతి యేమని వెంటనే బెత్తము పుచ్చుకొనరాదు. కాకి కేమి తోచియుండునని అడిగి వేచియుండవలెను. రూసో భయము తీరుమార్గమదియే: బిడ్డ నక్కవైపు మొగ్గినను, కాకివైపున కూర్చుండి చూచు అవకాశము వానికి మాటలాడుటవలననే కలుగును. బిడ్డయే కథ కల్పించినపుడు దానిని సవరింపక వ్రాసిపెట్టవలెను. వాని కథలో ఏనుగు ఎగిరినచో ఎగురనిండు, ఎక్కడికి పోయెనని మాత్ర మడుగుడు. చెప్పుటకు ఏమో యున్నదని తెలిసిన బిడ్డయే వ్రాయుటకు పూనుకొనును.

మన ప్రభుత్వములు ఈ బిడ్డలకు పరీక్షలలో అదనపు సమయమును, వ్రాసిపెట్టు లేఖకుని సహాయమును కల్పించుచున్నవి, అవి కావలసినవే. కాని అవి పరీక్షదినమున కలుగు ఉపశమనములు. బడికి వచ్చు ప్రతిదినమును ఆ బిడ్డకు దక్కవలసినది, తన మనస్సు పూర్ణమైన మనస్సే యను అనుభవము. ప్రశ్న వేయుట, ఊహించుట, ఇతరుని దుఃఖమును తనదిగ భావించుట, మంచిచెడుల నిర్ణయించుట అను మానవధర్మములలో వేనికిని అక్షరము కుదురుట ముందుషరతు కాదు. ఇవన్నియు కథయందు అభ్యాసమునకు వచ్చును, అందరితో సమానముగ వచ్చును. అట్టి అభ్యాసమును చదువువచ్చిన తరువాత నిత్తుమని వాయిదా వేయుట, బిడ్డకు వాని మానుష్యమునే వాయిదా వేయుట. అందుచేత ఏ బడియైనను తన కాలపట్టికలో కథను విరామముగ గాక పాఠముగ వ్రాసికొనవలెను. ఆ గంటలో వెనుకబల్లవారిని ముందునకు పిలువవలెను. కథకు అధికారి ఎవరని ఎవరైన నడిగినచో, వినుటకు వచ్చిన ప్రతి బిడ్డయు అని నిస్సంశయముగ చెప్పవలెను.